జోజప్పగారు దిగిన ఇల్లు

ఈస్టరుకు ముందు నలభై తపస్సు రోజులు వచ్చాయంటే శౌరిపాలెం ఉపదేశి ఇన్నయ్యకు ఊపిరి సలిపేది కాదు. కోడి కూసే వేళకే లేచి కాలువలో మునిగి, తడి పంచెతోనే వెళ్ళి గుడి తలుపులు తీసేవాడు. ఆవరణ ఊడ్చి, పీఠం మీద గుడ్డలు సర్ది, అయిదింటికి మొదటి గంట కొట్టేవాడు. పూజ అయ్యాక పిల్లలకు జపాలు చెప్పాలి. ఎవరింట్లోనైనా జబ్బు మనిషి ఉంటే ఫాదరుగారిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం. శుక్రవారాల్లో మాంసం తినకూడదని నియమం. శౌరిపాలెం సముద్రానికి దగ్గర ఊరు కావడంతో జనం చేపలతో గడిపేసేవాళ్ళు. అది ఉపవాసమెలా అవుతుందని ఇన్నయ్య ఆ నలభై రోజులూ చేప కూడా ముట్టేవాడు కాదు. మజ్జిగన్నం, ఉప్పుమిరపకాయ. సాయంత్రం నాలుగింటికి సిలువ మార్గం. గోడలకున్న పధ్నాలుగు పటాల ముందు ఒక్కొక్క చోటా ఆగి, మోకరించి, పెద్ద గొంతుతో చదివించేవాడు. మైకు లేని రోజుల్లో ఆ గొంతు కాలువ అవతలి గట్టుకు వినిపించేది.

రేపల్లె నుంచి బస్సులో ముప్పావుగంట ప్రయాణం ఆ ఊరికి. రెండు వందల గడప. సగం మంది గుడికి వెళ్ళేవాళ్ళు, తక్కిన సగం రైతులు, వాళ్ళ దేవుళ్ళు వేరు. ఒకరి పండక్కి ఒకరు అరిసెలు పంపుకునేవాళ్ళు. ఇన్నయ్య తండ్రి కూడా ఆ గుడికే ఉపదేశి. అందుకని ఊళ్ళో రెండు రకాలవాళ్ళూ ఇన్నయ్యను ఉపదేశిగారనే పిలిచేవాళ్ళు.

ఆయన చేసే పనులన్నిట్లోకీ బరువైనది ఒకటుంది. తపస్సు మొదలయ్యే విభూది బుధవారానికి ముందురోజు ఫాదరుగారి చేతికి మడిచిన కాగితం ఒకటి ఇవ్వాలి. ఆ ఏడాది గుడి కట్టుబాటు తప్పినవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. పెళ్ళి లేకుండా కాపురం పెట్టినవాళ్ళు, కట్టుకున్నదాన్ని వదిలేసినవాళ్ళు, తల్లిదండ్రుల మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు. వాళ్ళు ఆ నలభై రోజులూ గుడి లోపలికి రాకూడదు. ప్రతి శుక్రవారం గడప బయట ఇసకలో మోకరించి, వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని సిలువ మార్గం వినాలి. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర శుక్రవారం మూడు గంటలకు, జనమంతా సిలువను ముద్దు పెట్టుకోవడం అయ్యాక, ఉపదేశి గుమ్మంలో నిలబడి కాగితంలో పేర్లు చదువుతాడు. పిలిచినవాళ్ళు మోకాళ్ళ మీద లోపలికి వచ్చి సిలువను ముద్దాడితే ఫాదరుగారు చెయ్యి పట్టి లేపుతారు. ఇక ఆ సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తకూడదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ కాగితం ఇన్నయ్యే రాస్తున్నాడు. పగబట్టి ఎవరి పేరూ రాయలేదు, మొహమాటపడి ఎవరి పేరూ వదల్లేదు. ఒక ఏడాది సొంత బావమరిది పేరు రాశాడు. ఇన్నయ్యగారి కాగితంలో అబద్ధముండదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట ఎప్పుడైనా చెవిన పడితే, ఉపవాసం రోజున కూడా ఆయనకు కడుపు నిండినట్టుండేది.

అరవై ఎనిమిదో సంవత్సరం కాగితంలో ఒక్కటే పేరుంది. ఆరోగ్యమ్మ. ఆమె మొగుడు ఆరేళ్ళ కిందట వాడరేవు వాళ్ళతో కలిసి వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం కంటపడనిదే చనిపోయాడని గుడి ఒప్పుకోదు. చనిపోయాడని ఒప్పుకోనిదే మళ్ళీ పెళ్ళి చేయదు. రెండేళ్ళు చూసి ఆరోగ్యమ్మ, ఈ గుడి లెక్కలోకి రాని, పడవ నడిపే పొరుగూరి రాయప్పతో కాపురం పెట్టింది. అప్పట్నుంచీ ప్రతి తపస్సులోనూ గడప బయట మోకరిస్తోంది. ఇది నాలుగో ఏడు. రాయప్పను వదిలేస్తే పేరు తీసేస్తానని ఇన్నయ్య ప్రతి ఏడూ నెమ్మదిగానే చెప్పేవాడు. ఆమె కూడా అంత నెమ్మదిగానే వదలనని చెప్పేది.

ఈస్టరుకు రెండు వారాల ముందు ఆదివారం గుడిలో స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డలు కప్పుతారు. మరియమ్మగారికి, అంతోనివారికి, పీఠానికి ఎడమ పక్క గూట్లో ఉన్న, మరియమ్మగారి భర్త, వడ్రంగి జోజప్పగారికి. మళ్ళీ పాస్కా, అంటే ఈస్టరు రోజునే ఆ గుడ్డలు తీసేది. గుడ్డ కప్పిన కాసేపటికి జోజప్పగారు గూట్లో ఉండేవారు కాదు. గుడ్డ మాత్రం కప్పిన ఆకారంలోనే నిలబడి ఉండేది. మధ్యాహ్నానికి ఆయన ఊళ్ళో ఏదో ఒక ఇంటి పెరట్లో చూరు కింద కూర్చుని, విరిగిన మంచమో నాగలో ముందేసుకుని పని చేస్తూ కనిపించేవారు. గూట్లో ఉన్నప్పుడు మూడడుగుల మనిషి, పెరట్లో అందరంత ఉండేవారు. ముక్కు కొన మీద రంగు ఊడిన చోటు మాత్రం అలాగే ఉండేది. ఆ రెండు వారాలూ అదే ఇంట్లో ఉండి, ఊళ్ళో ఎవరేం తెచ్చినా బాగుచేసి, పాస్కా ముందు రోజు వెళ్ళిపోయేవారు. మాట్లాడేవారు కాదు. పెట్టిన గంజి తాగేవారు. ఇన్నయ్య తాతల నాటి నుంచీ అంతే. ఆ వారం ఊళ్ళో ఎవరైనా అడిగేది, ఈసారి ఎవరింట్లో దిగారని మాత్రమే. రైతు బసవేశ్వరరావుగారైతే బండి చక్రం ఊగిసలాడుతున్నా తపస్సు దాకా ఆగి, జోజప్పగారు దిగిన ఇంటికి పంపించేవారు.

ఆ ఏడు గుడ్డలు కప్పే ఆదివారానికి మూడు రోజుల ముందు, ఇన్నయ్య ఒక్కగానొక్క కూతురు జపమాల తెనాలి నుంచి వచ్చింది. కుట్టుపని నేర్చుకోవడానికి ఏడాదిన్నర క్రితం పంపించారు. ఇన్నయ్య భార్య శౌరమ్మ వైపు బంధువుల ఇంట్లో ఉండేది. పండక్కి వారం ముందు రావలసిన పిల్ల చెప్పకుండా ముందే వచ్చింది. ట్రంకు పెట్టె ఇంట్లో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఇన్నయ్య గొడ్ల సావిట్లో గడ్డి వేస్తుంటే భార్య శౌరమ్మ వచ్చి స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, పిల్లకి అయిదో నెల" అంది.

ఇన్నయ్య చేతిలో గడ్డి మోపు అలాగే ఉండిపోయింది. వీధి వైపు ఒకసారి చూశాడు.

"ఎవరికి తెలుసు?"

"నాకూ మీకూ" అంది శౌరమ్మ.

ఎవడు వాడని అడగలేదు. పిల్ల ఎలా ఉందని అడగలేదు. గడ్డి వేసేసి, చేతులు దులుపుకుని, సిలువ మార్గానికి వేళవుతోందని గుడికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం గడప దాటుతుంటే బయట ఇసకలో ఆరోగ్యమ్మ కొవ్వొత్తి పట్టుకుని మోకరించి ఉంది. ఎప్పుడూ ఆమెకు తల ఊపి లోపలికి వెళ్ళేవాడు, ఆ రోజు ఊపలేదు. చదువుతుంటే రెండుసార్లు వరస తప్పాడు. ఉపవాసం కదా, నీరసించారని ఆడవాళ్ళు అనుకున్నారు.

శనివారానికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. బాపట్లలో చెల్లెలు లూర్దమ్మ ఉంది, పిల్లాజెల్లా లేరు. జపమాలను అక్కడికి పంపాలి. కాన్పయ్యాక బిడ్డను దూరంగా ఎక్కడైనా అనాథల ఇంట్లో అప్పజెప్పాలి. క్రిస్మస్‌కు పిల్ల తిరిగి వస్తుంది, టైపు నేర్చుకోవడానికి వెళ్ళిందని ఊళ్ళో చెప్పుకోవచ్చు. ఆ సంగతి భార్యకు చెప్పాడు, కూతురికి భార్య చేత చెప్పించాడు. జపమాల ఏమీ అనలేదని శౌరమ్మ వచ్చి చెప్పింది. చెల్లెలికి కవరు రాసి రేపల్లె బస్సులో పంపాడు.

ఆదివారం పూజ అయ్యాక స్వరూపాలకు గుడ్డలు కప్పాడు. పొడవాటి వెదురుకర్రతో గుడ్డ పైకెత్తి, తల మీదుగా జార్చడం ఆయనకు అలవాటైన పనే. మరియమ్మగారికి కప్పాడు, అంతోనివారికి కప్పాడు. జోజప్పగారి దగ్గరకు వచ్చేసరికి మొహం కేసి చూడలేక, తల దించుకుని, అడ్డదిడ్డంగా కప్పేసి వచ్చాడు. ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటుంటే పెరట్లో చిత్రిక చప్పుడు వినిపించింది.

చూరు కింద జోజప్పగారు కూర్చుని ఉన్నారు. గోధుమరంగు అంగీని పైకి దోపుకుని, కాలు ఊడిన పాత నులకమంచం ముందేసుకుని, దాని కోసం కొత్త కాలు చిత్రిక పడుతున్నారు.

ఇన్నయ్య చెంబు కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏనాడూ ఈ ఇంటికి రాలేదు. ఉపదేశి ఇంట్లో దిగాలని ఎన్నిసార్లు లోలోపల కోరుకున్నాడో, అన్నిసార్లూ వేరే ఇంటికే వెళ్ళారు. ఈసారి వద్దనుకుంటే వచ్చారు. ఇక ఊరంతా పనులు పట్టుకుని ఈ పెరట్లోకి వస్తుంది. దాచుకోవలసిన పిల్ల ఇంట్లో ఉంది.

అనుకున్నట్టే సోమవారం నుంచి జనం వచ్చారు. ఒకరు తలుపు రెక్క, ఒకరు తెడ్డు, బసవేశ్వరరావుగారి పాలేరు చక్రం. జపమాల వదులు చీర కట్టుకుని లోపలి గదిలో ఉండిపోయేది. కానీ శౌరమ్మ కాలువకు వెళ్ళినప్పుడు జోజప్పగారికి గంజి పోయడానికి ఇంకెవరూ లేరు. రెండో రోజున మధ్యాహ్నం వేళ, పెరట్లో ఎవరూ లేనప్పుడు, జపమాల గంజి చెంబు తీసుకుని బయటికి వచ్చింది. ఆయన తాగుతుంటే కాస్త ఎడంగా అరుగు అంచున కూర్చుంది. మూడో రోజు కుట్టుపని తెచ్చుకుని కూర్చుంది. నాలుగో రోజు మాట్లాడింది.

ఇన్నయ్య అప్పుడే గుడి నుంచి వచ్చి గోడ అవతల చెప్పులు విడుస్తున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో వినపడని కూతురి గొంతు వినిపించి ఆగిపోయాడు. లోపలికి వెళ్తే ఆపేస్తుందని అక్కడే నిలబడ్డాడు.

కుట్టు మిషన్లు బాగుచేయడానికి వచ్చే మనిషట. నెమ్మదస్తుడట. తనకు మిషను విప్పి మళ్ళీ బిగించడం నేర్పించాడట. పెళ్ళి చేసుకుంటానన్నాడట. వాళ్ళ ఊళ్ళో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారన్న సంగతి మూడు నెలలు దాటాక, అతను రావడం మానేశాక, వేరేవాళ్ళ నోట విన్నదట. కాలువ దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగి వచ్చేసిందట. జపమాల ఇదంతా ఏడవకుండా, ఒకరి బట్టల కొలతలు చెప్తున్నట్టు చెప్పింది. ఆమె మాట్లాడినంతసేపూ చిత్రిక ఆగి ఉంది.

"నన్నేమన్నా పడతానండి. కానీ బిడ్డను ఎవరికో ఇచ్చేసి రమ్మంటున్నారు. అది మాత్రం నావల్ల కాదు. ఆ మాట నాన్నతో అనలేను" అంది చివరికి.

కాసేపటికి చిత్రిక మళ్ళీ మొదలైంది. ఇన్నయ్య చెప్పులు వేసుకుని, ఇంట్లోకి రాకుండానే వెనక్కి గుడికి వెళ్ళాడు. ఖాళీ గుడిలో మోకరించి జపమాల తిప్పుదామని జేబులోంచి తీశాడు. కాలువ దాకా రెండుసార్లు వెళ్ళి వచ్చిందన్న మాట తప్ప మరేదీ నోటికి రాలేదు. కూతురికి జపమాల అని పేరు పెట్టింది తనే. పూసలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

లూర్దమ్మ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. పవిత్ర శనివారం పొద్దుటి బస్సుకు పిల్లను ఎక్కించమంది, రేపల్లెలో తన భర్త ఎదురు వచ్చి తీసుకెళ్తాడంది. మట్టల ఆదివారం వచ్చింది, వెళ్ళింది. కొబ్బరి మట్టలు పట్టుకుని జనం ఊరంతా తిరిగారు. బుధవారం మధ్యాహ్నం ఇన్నయ్య పెరట్లోకి వచ్చి జోజప్పగారి ఎదురుగా నిలబడ్డాడు. చాలా అడుగుదామని వచ్చాడు. మీరైతే ఏం చేసేవారని అడుగుదామనుకున్నాడు. అడగబోయి, ఆయన ఏం చేశారో పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా తనే చెప్తున్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. నిశ్చితార్థం చేసుకున్న పడుచు కడుపుతో ఉందని తెలిసి, నలుగురిలో అల్లరి పెట్టడం ఇష్టం లేక, ఆమెను తన ఇంటికి తెచ్చుకున్న మనిషి.

జోజప్పగారు ఆయన్ని చూసి, వేప దూలం మీద పెట్టిన పెద్ద రంపం రెండో కొస చూపించారు. ఇన్నయ్య పంచె ఎగ్గట్టి ఆ కొస పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ చెరో పక్కా లాగుతూ దూలాన్ని పలకలుగా కోశారు. ఇన్నయ్య చేతులు బొబ్బలెక్కాయి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆయనకు నిద్ర పట్టింది. కానీ నిర్ణయం మారలేదు. గురువారం శౌరమ్మ కూతురి బట్టలు ట్రంకులో సర్దింది.

గురువారం పూజతో గంటలు ఆగిపోయాయి. శుక్రవారం గంట బదులు చెక్క గిలక తిప్పుతూ ఇన్నయ్య వీధులన్నీ తిరిగాడు. ఆ రోజు శౌరిపాలెంలో పొయ్యి వెలిగేది సాయంత్రమే. రైతుల ఇళ్ళల్లో కూడా గట్టిగా మాట్లాడరు. ఏప్రిల్ ఎండ. మూడు గంటలకల్లా గుడి నిండిపోయింది, మగవాళ్ళొక పక్కా ఆడవాళ్ళొక పక్కా. స్తంభం వెనక శౌరమ్మ పక్కన జపమాల పమిట నిండుగా కప్పుకుని కూర్చుంది. గడప బయట కాలుతున్న ఇసకలో ఆరోగ్యమ్మ మోకరించి ఉంది.

ఏసు శ్రమల చరిత్ర చదవడం సగంలో ఉండగా జనం తలలు గుమ్మం వైపు తిరిగాయి. జోజప్పగారు వచ్చారు. ఊళ్ళో దిగిన రెండు వారాల్లో ఆయన గుడి వైపు రావడం ఎవరూ ఎరగరు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చినట్టున్నారు, అంగీ అంచు తడిసి ఉంది. లోపలికి రాలేదు. ఆరోగ్యమ్మ పక్కన ఇసకలో మోకరించారు. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ దించుకుని, కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

జనమంతా వరసగా వచ్చి సిలువను ముద్దు పెట్టుకున్నారు. జపమాల రాలేదు. ఆమె కూర్చున్న చోట నుంచి కదలకపోవడం పీఠం పక్కన నిలబడ్డ ఇన్నయ్య చూశాడు. ఎందుకు రాలేదో ఆయనకు తెలుసు. గడప బయట ఉండవలసినదాన్ని లోపల కూర్చున్నానని ఆ పిల్ల అనుకుంటోంది. ఆ మాట తను నేర్పిందే.

వరస అయిపోయింది. ఇన్నయ్య గుమ్మం దగ్గరకు నడిచి కాగితం విప్పాడు.

"ఆరోగ్యమ్మ."

ఆమె మోకాళ్ళ మీద గడప దాటింది. ఆమెతో పాటు జోజప్పగారూ మోకాళ్ళ మీదే లోపలికి వచ్చారు. సిలువ దాకా ఇద్దరూ పక్కపక్కనే వెళ్ళారు. ఆమె ముద్దు పెట్టుకుంది. ఫాదరుగారు చెయ్యి అందించి లేపారు. ఆమె ఆడవాళ్ళలోకి వెళ్ళి నిలబడింది. జోజప్పగారు లేచి, జనం మధ్య నుంచి వెనక్కి నడిచి, గడప దాటి, ఇందాకటి చోటే మళ్ళీ మోకరించారు. పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలారు.

ఫాదరుగారు పీఠం దగ్గర నుంచి అడిగారు. "ఇంకా ఎవరైనా ఉన్నారా ఇన్నయ్యా?"

ఇన్నయ్య కాగితం చూశాడు. ఒక్క పేరే ఉంది, తక్కినదంతా తెల్లగా ఉంది. లేరండి అంటే అయిపోతుంది. రేపు పొద్దున బస్సు వస్తుంది. క్రిస్మస్‌కు పిల్ల ఒంటరిగా తిరిగొస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ కాగితం రాసుకోవచ్చు. గడప బయట జోజప్పగారు ఎవరినీ చూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆయనకు తొందరేమీ ఉన్నట్టు లేదు.

"ఉన్నారండి" అన్నాడు ఇన్నయ్య. కాగితం మడిచి, కాలువ అవతలికి వినిపించే ఆ గొంతుతో చదివాడు. "ఇన్నయ్య."

తర్వాత గడప దాటి బయటికి వెళ్ళి, జోజప్పగారు వదిలిన చోట మోకరించాడు. ఇసక మోకాళ్ళను కాల్చింది. ఇరవై రెండేళ్ళలో ఆ ఇసక అంత వేడిగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి లోపలికి బయల్దేరారు. గడప నుంచి సిలువ దాకా నలభై అడుగులుంటుంది. సగం దూరం వచ్చేసరికి ఇన్నయ్య ఒక చెయ్యి నేల మీద ఆన్చాడు. జోజప్పగారు ఆగారు, ఆయన ఊపిరి తీసుకున్నాక మళ్ళీ కదిలారు.

సిలువను ముద్దు పెట్టుకున్నాక ఫాదరుగారు వంగి, ఆయనకు మాత్రమే వినపడేలా అడిగారు. "దేనికి ఇన్నయ్యా?"

"మా ఇంట్లో మనిషి పేరొకటి కాగితంలో రాయలేదండి" అన్నాడు ఇన్నయ్య. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "రాయనందుకు కాదండి. ఇన్నాళ్ళూ మిగతావాళ్ళ పేర్లు రాసినందుకు."

ఫాదరుగారు చెయ్యి చాచారు. ఇన్నయ్య పట్టుకున్నాడు గానీ మోకాళ్ళు లేవనివ్వలేదు. ఆడవాళ్ళ పక్క నుంచి జపమాల లేచింది. పమిట సర్దుకోలేదు. అందరి ముందు నుంచీ నడిచి వచ్చి తండ్రి రెండో చెయ్యి పట్టుకుంది.

"లే నాన్నా" అంది.

ఆయన లేచాడు. పిల్ల కడుపు ఊరంతా చూసింది. ముందుగా ఆరోగ్యమ్మ వచ్చి జపమాల పక్కన నిలబడింది. తర్వాత శౌరమ్మ వచ్చింది. ఫాదరుగారు సిలువను రెండు చేతులా ఎత్తి జపమాల ముందుకు తెచ్చారు, వంగనవసరం లేకుండా. ఆమె దాని పాదాల దగ్గర ముద్దు పెట్టుకుని, నుదురు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇన్నయ్య వెనక్కి తిరిగి చూసేసరికి జోజప్పగారు వెళ్ళిపోయారు. కాసేపటికి ఊరివైపు నుంచి సుత్తి చప్పుడు సన్నగా వినిపించింది. బండి చక్రం పని ఇంకా మిగిలే ఉంది.

శనివారం పొద్దున ఇన్నయ్య ఒక్కడే రోడ్డు మీదికి వెళ్ళాడు. రేపల్లె బస్సు వచ్చి ఆగింది. ముందురోజే చెప్పి ఉంచడంతో కండక్టరు బ్రహ్మానందం కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు.

"అమ్మాయిగారేరండి?" అన్నాడు.

"రాదు బాబూ. ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు ఇన్నయ్య. చెల్లెలికి రాసిన కవరు చేతికిచ్చి, రేపల్లె స్టాండులో ఎదురుచూసే చెల్లెలి భర్తకు ఇమ్మని చెప్పాడు. కండక్టరు తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, కోడిపిల్లల గంప పట్టుకుని ఎక్కిన ముసలమ్మకు ఆ సీటు చూపించాడు. బస్సు వెళ్ళేదాకా చూసి ఇన్నయ్య ఇంటికి వచ్చాడు. శౌరమ్మ ట్రంకులో బట్టలు మళ్ళీ కొక్కేనికి తగిలిస్తోంది. జపమాల జావ తాగుతోంది. తండ్రిని చూసి లేవబోయింది. కూర్చోమని, పక్కనే చాప మీద తనూ కూర్చుని, పిల్ల ఎలా ఉందని అడిగాడు. అడగాల్సిన మాట అడగడానికి పదిహేను రోజులు పట్టింది.

పాస్కా పూజలో గంటలు మోగుతుంటే గుడ్డలు తీశారు. జోజప్పగారు గూట్లో ఉన్నారు. మోకాళ్ళ దగ్గర రంగంతా పోయి లోపలి చెక్క కనిపిస్తోంది. ఆ వేసవిలో రంగులు వేసే మనిషి తెనాలి నుంచి వచ్చి, అక్కడ కాస్త పూయమంటారా అని అడిగితే ఫాదరుగారు అక్కర్లేదన్నారు. మరుసటేడు విభూది బుధవారం వచ్చింది. ఫాదరుగారు కాగితం అడగలేదు, ఇన్నయ్య ఇవ్వలేదు. శుక్రవారాల్లో గడప బయట ఇసకలో చెప్పులు మాత్రమే ఉండేవి. ఆరోగ్యమ్మ సంగతి వివరంగా రాసి ఫాదరుగారు పై వాళ్ళకు పంపారు. జవాబు రావడానికి ఏడాది పట్టింది. వచ్చాక ఆమెకూ రాయప్పకూ పెళ్ళి జరిపించారు.

ఇవన్నీ జరగక ముందే, ఆ ఏడు శ్రావణం వానల్లో జపమాలకు ఆడపిల్ల పుట్టింది. పురుడు ఆ ఇంట్లోనే. తండ్రి ఎవరో చెప్పలేని పిల్లలకు మామూలు రోజుల్లో, గుడిలో ఎవరూ లేని వేళ, పక్క తలుపు నుంచి తీసుకొచ్చి జ్ఞానస్నానం ఇప్పించడం ఆ గుడిలో ఆనవాయితీ. అలాంటి పిల్లల్ని ఆ తలుపు నుంచి ఇన్నయ్య తన చేతుల మీదే ఎనిమిది మందిని తీసుకొచ్చాడు. ఈసారి ఆదివారం పెద్ద పూజకు, జనమంతా కూర్చున్నాక, తెల్లగుడ్డలో చుట్టిన పిల్లను ఎత్తుకుని పెద్ద గుమ్మం నుంచి లోపలికి వచ్చాడు. పక్కన జపమాల, ఆ పక్కన బిడ్డకు పూచీపడే జ్ఞానతల్లిగా ఆరోగ్యమ్మ. బయట జోరున వాన. పిల్ల మీద ఒక్క చినుకు పడకుండా తన ఉత్తరీయం కప్పి తెచ్చాడేమో, ఆయన మాత్రం తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాడు.

నీళ్ళ తొట్టి దగ్గర ఫాదరుగారు పుస్తకం తెరిచి, పుస్తకంలో ఉన్న ప్రకారమే అడిగారు. "ఈ బిడ్డను ఎవరు తీసుకొచ్చారు?"

"నేనండి" అన్నాడు ఇన్నయ్య. గుడి చివర దాకా, వానలో కూడా వినిపించింది. "తాతనండి."